సెమిస్టర్‌లో పట్టే ప్రశ్న: బయాలజీ పరిశోధనకు కోర్సు క్రెడిట్లు తెచ్చుకోవడం ఎలా

డిగ్రీలో పరిశోధనకు క్రెడిట్లు తీసుకున్న మొదటి సెమిస్టర్‌లో నేను అరాబిడాప్సిస్ మొక్కలు పెంచాను. ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క అది. ఐదో వారంలో పూత పట్టింది. పూలగుత్తులను ఆగ్రోబాక్టీరియం (జన్యువును మొక్కలోకి చేరవేసే బ్యాక్టీరియా) కలిపిన ద్రావణంలో ముంచి కొత్త జన్యువు ఎక్కించాం. విత్తనాలు ముదిరి, ఎండి, కోతకు వచ్చేసరికి పదకొండో వారం. వాటిని యాంటీబయాటిక్ కలిపిన అగార్ (జెల్లీలాంటి మాధ్యమం) మీద చల్లి, ఏ మొలకలు బతుకుతాయా (కొత్త జన్యువు ఎక్కినవే బతుకుతాయి) అని చూస్తుండగానే రిపోర్టు గడువు నెత్తి మీదికొచ్చింది. నా రిపోర్టులో 'ఫలితాలు' అన్న శీర్షిక కింద ఉన్నది ఒకే ఒక్క ఫొటో: పచ్చగా నిలబడ్డ మూడు మొలకలు.

తప్పు మొక్కది కాదు. దాని లెక్క దానిది, సెమిస్టర్ లెక్క సెమిస్టర్‌ది. ఆ రెండూ కలిసేలా ముందే చూసుకోవాల్సింది నేను. తర్వాత పీహెచ్‌డీలో ఉండగా డిగ్రీ విద్యార్థులకు పని నేర్పించాల్సి వచ్చినప్పుడు గమనించాను. క్రెడిట్ల కోసం వచ్చి ఇబ్బంది పడినవాళ్లలో చాలామంది తెలివి తక్కువై పడలేదు, పదిహేను వారాల్లో పట్టని ప్రశ్న నెత్తికెత్తుకుని పడ్డారు. అందుకే కింద చెప్పేదాంట్లో ఫారాలూ సంతకాలూ వచ్చినా, ఎక్కువ సేపు ఆ ప్రశ్న దగ్గరే ఆగుతాను.

ముందు మీ విభాగం నియమాలు తెలుసుకోండి

ఒక్కో చోట దీనికి ఒక్కో పేరు. ఇండిపెండెంట్ స్టడీ అంటారు, డైరెక్టెడ్ రీసెర్చ్ అంటారు, ఆనర్స్ థీసిస్, ప్రాజెక్ట్, డిసర్టేషన్ అని కూడా అంటారు. పేరు ఏదైనా క్రెడిట్ అంటే ఒక ఒప్పందం: మీరు ఇన్ని గంటలు పనిచేస్తారు, చివర్లో ఫలానాది రాసిస్తారు, ఫలానా వ్యక్తి గ్రేడు వేస్తారు. ఈ మూడూ స్పష్టంగా లేకుండా ల్యాబ్‌లో అడుగుపెడితే మీరు చేసేది క్రెడిట్ పని కాదు, ఉచిత సేవ.

గంటల లెక్క దేశాన్ని బట్టి, విభాగాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో చాలా బయాలజీ విభాగాలు ఒక క్రెడిట్‌కు వారానికి సుమారు 3 గంటల పని అడుగుతాయి. 15 వారాల సెమిస్టర్‌లో అది 45 గంటలు. మూడు క్రెడిట్లు తీసుకుంటే వారానికి 9 గంటలు, మొత్తం 135. యూరప్‌లో ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు, చదువూ రాతా అన్నీ కలిపి. భారత్‌లో యూజీసీ 2022లో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ చట్రం ప్రకారం ప్రయోగశాల పనికి ఒక క్రెడిట్ అంటే వారానికి 2 గంటలు, సెమిస్టర్‌కు 30. అదే చట్రంలో పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. నాలుగో ఏడాది చేసే పరిశోధన ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు.

విభాగం ఆఫీసులో అడగాల్సిన మాటలు ఇవి. ఈ క్రెడిట్లు మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కింద లెక్కలోకి వస్తాయా, లేక మొత్తం సంఖ్య పెంచడానికి మాత్రమే పనికొస్తాయా? ఎలెక్టివ్‌గా చెల్లుతాయా, తప్పనిసరి ల్యాబ్ కోర్సు స్థానంలో కూడా చెల్లుతాయా? అక్షర గ్రేడు వస్తుందా, పాస్ అని మాత్రమే వస్తుందా? మొత్తం డిగ్రీలో ఇలాంటివి ఎన్ని క్రెడిట్ల వరకు ఒప్పుకుంటారు? ముందు ఏ కోర్సులు పూర్తయి ఉండాలి? రెండో ప్రశ్న అడగకుండా నా స్నేహితురాలు ఒకామె రెండు సెమిస్టర్లు ల్యాబ్‌లో గడిపింది. చివరి ఏడాదిలో తెలిసింది, అవన్నీ ఫ్రీ ఎలెక్టివ్ ఖాతాలో పడ్డాయని, ల్యాబ్ కోర్సు విడిగా చెయ్యాల్సిందేనని. ఈ జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి. నోటిమాట నీటిమూట.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ఒకే పనికి జీతమూ క్రెడిట్టూ రెండూ ఇవ్వకపోవడం చాలాచోట్ల ఉన్న నియమం. డిగ్రీ విద్యార్థులను పరిశోధనలోకి తేవడానికి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 1969లో మొదలుపెట్టిన 'యూరోప్' (UROP) కార్యక్రమంలో కూడా విద్యార్థి క్రెడిట్, జీతం, స్వచ్ఛంద సేవల్లో ఒకటి ఎంచుకోవాలి. క్రెడిట్‌కు ఇంత అని ఫీజు కట్టే చోట వేసవి సెలవుల్లో క్రెడిట్లు తీసుకుంటే, పనిచేస్తూ ఎదురు డబ్బు కట్టినట్టే. జీతం దొరికే వేసవిలో జీతం తీసుకుని, క్రెడిట్లు మామూలు సెమిస్టర్‌కు దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

ల్యాబ్‌ను వెతకడం

విభాగం జాబితాలో ఉన్న ప్రొఫెసర్లందరికీ ఒకే ఉత్తరం పంపేవాళ్లున్నారు. అలాంటి ఉత్తరాన్ని మొదటి వాక్యంలోనే గుర్తుపట్టేస్తారు. నలుగురైదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరివి గత రెండు మూడేళ్లలో వచ్చిన పత్రాలు రెండు, పబ్‌మెడ్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో వెతికి చదవండి. అంతా అర్థం కానక్కర్లేదు. సారాంశం, పటాలు, పద్ధతుల భాగం చూస్తే చాలు. పద్ధతుల భాగం ముఖ్యం, ఎందుకంటే రేపు మీ చేతులు చేసేది ఆ పనే. పరిణామం మీద గొప్ప ప్రశ్నలు అడిగే ల్యాబ్‌లో రోజువారీ పని అంతా కంప్యూటర్ ముందు కావచ్చు. క్యాన్సర్ ల్యాబ్‌లో మీ వాటా ఎలుకల తోక ముక్కల నుంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ (డీఎన్ఏలో కావాల్సిన ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెట్టడం కావచ్చు. అది మీకు ఇష్టమేనా అని ముందే ఆలోచించుకోండి.

ఇంకొక్క సంగతి. గ్రేడు వేసేది ప్రొఫెసర్, పని నేర్పేది ఎవరో పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ ముగించి అక్కడ పనిచేసే పోస్ట్‌డాకో. ఈ రెండో మనిషి మీద మీ సెమిస్టర్ సగం ఆధారపడి ఉంటుంది. ప్రొఫెసర్ ఎంత పేరున్నవారైనా, పక్కన నిలబడి పిపెట్ పట్టుకోవడం చూపించేవాళ్లు లేని ల్యాబ్ డిగ్రీ విద్యార్థికి ఎడారే. ఆ ల్యాబ్‌లో ఇదివరకు పనిచేసిన సీనియర్లు దొరికితే ఒక టీ తాగే సేపు మాట్లాడండి. వెబ్‌సైట్ చెప్పని కబుర్లు వాళ్లు చెబుతారు.

రాయాల్సిన సమయం, మీరు చేరాలనుకున్న సెమిస్టర్‌కు ముందు సెమిస్టర్ మధ్యలో. పరీక్షల వారంలో పంపిన ఉత్తరం అడుగున పడిపోతుంది. ఏ భాషలో రాసినా సారం ఇలా ఉంటే బాగుంటుంది:

"ప్రొఫెసర్ గారికి నమస్కారం. నేను బయాలజీ రెండో సంవత్సరం విద్యార్థిని. వేడి తగిలాక ఈస్ట్ కణాలు మళ్లీ విభజన మొదలుపెట్టడంపై మీ ల్యాబ్ రాసిన పత్రం చదివాను. మూడో పటంలో కొన్ని కణాలు మిగతావాటికన్నా ఆలస్యంగా తేరుకున్నాయి. అవి అప్పటికే చాలాసార్లు విభజన చెందిన పాత కణాలేమో అన్న సందేహం వచ్చింది. వచ్చే సెమిస్టర్‌లో 3 క్రెడిట్లకు, వారానికి 9 గంటలు మీ ల్యాబ్‌లో పనిచెయ్యాలని ఉంది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం నుంచి నాకు క్లాసులు లేవు. జెనెటిక్స్ కోర్సు పూర్తయింది, మార్కుల పత్రం జతచేశాను. వీలుంటే పదిహేను నిమిషాలు కలవగలనా?"

ఇందులో పొగడ్త లేదు, చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం అన్న మాట లేదు. ఒక నిజమైన సందేహం, గంటలు, ఖాళీ వేళలు ఉన్నాయి. ఖాళీ వేళలు చిన్న విషయంగా కనిపిస్తాయి కానీ, ప్రొఫెసర్ మొదట చూసేది వాటినే. ముక్కలు ముక్కలుగా దొరికే గంటల్లో బయాలజీ ప్రయోగం జరగదు. డీఎన్ఏ ముక్కలను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ పొయ్యడానికి, నడపడానికి, ఫొటో తియ్యడానికి వరుసగా మూడు నాలుగు గంటలు కావాలి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే రెండు వాక్యాల్లో ఒకసారి గుర్తుచెయ్యండి. అప్పుడూ రాకపోతే జాబితాలో తర్వాతి పేరు. దాన్ని మనసుకు పట్టించుకోవద్దు. ల్యాబ్‌లో చోటు లేకపోవడమే చాలాసార్లు కారణం.

కలిసినప్పుడు మీరూ అడగండి. నాకు రోజూ పని చూపించేది ఎవరు? మిమ్మల్ని ఎన్నాళ్లకొకసారి కలుస్తాను? గ్రేడు దేన్ని చూసి వేస్తారు? ల్యాబ్ మీటింగ్‌కు రావచ్చా? మర్యాద తప్పినట్టేమీ కాదు, ఇలా అడిగినవాళ్లే వాళ్లకు నచ్చుతారు.

పదిహేను వారాల్లో పట్టే ప్రశ్న

కెమిస్ట్రీ విద్యార్థికి లేని కష్టం ఇది. మన ప్రయోగవస్తువు పుడుతుంది, పెరుగుతుంది, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా చస్తుంది. దాన్ని తొందరపెట్టలేం. కాబట్టి ప్రశ్న ఎంచుకునేటప్పుడు ముందు జీవి తీసుకునే సమయం చూడండి.

ఈ. కోలై బ్యాక్టీరియా మంచి మాధ్యమంలో సుమారు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. రొట్టె ఈస్ట్‌కు గంటన్నర. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి పెద్దదవడానికి మూడు మూడున్నర రోజులు చాలు. డ్రోసోఫిలా ఈగకు 25 డిగ్రీల దగ్గర పది రోజులు. అరాబిడాప్సిస్‌కు విత్తనం నుంచి విత్తనం దాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు. జీబ్రాఫిష్ పిండాలు రెండు మూడు రోజుల్లో గుడ్డు నుంచి బయటపడతాయి కానీ, ఆ చేప తానే గుడ్లు పెట్టే ఈడుకు రావాలంటే సుమారు మూడు నెలలు. ఎలుక గర్భకాలం మూడు వారాలు, ఆ పిల్లలు జతకట్టే వయసుకు రావడానికి ఇంకో ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఈ అంకెలు ముందుంచుకుంటే చాలా ప్రశ్నలు వాటంతట అవే రాలిపోతాయి. ఎలుకల్లో రెండు తరాల సంకరం ఒక సెమిస్టర్‌లో కుదరదు. అదే ల్యాబ్‌లో ఇదివరకే నిల్వ ఉన్న ఎలుక కణజాలపు కోతలకు రంగు వేసి కణాలు లెక్కపెట్టడం కుదురుతుంది. ఈగల్లో పది రోజులే కదా అనిపిస్తుంది. కానీ మీకు కావాల్సిన జన్యు కలయిక రావాలంటే ఒకదాని తర్వాత ఒకటి మూడు సంకరాలు చెయ్యాలనుకోండి, ఒక్క ఈగనూ కొలవకముందే నెల పైన గడిచిపోతుంది. ఆ సంకరాలు ముందే చేసి పెట్టిన ల్యాబ్‌లో అయితే రెండో వారం నుంచే కొలతలు తీసుకోవచ్చు. బయట తిరిగి చేసే పరిశోధనకు ఋతువు కూడా అడ్డం. పూత కాలంలో వచ్చే తేనెటీగల మీద ప్రశ్న పెట్టుకుంటే, సెమిస్టర్ మొదలయ్యేది పూత అయిపోయాకేమో చూసుకోవాలి.

మరి మంచి ప్రశ్న ఎలా ఉంటుంది? చిన్నగా ఉంటుంది. 'యాంటీబయాటిక్ నిరోధకత ఎలా పుడుతుంది' అన్నది జీవితకాలపు ప్రశ్న. 'ఫలానా ఈ. కోలై రకం తక్కువ మోతాదు యాంటీబయాటిక్‌లో పది రోజులు వరుసగా పెరిగాక దాని కనీస నిరోధక మోతాదు (పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) మారుతుందా' అన్నది సెమిస్టర్ ప్రశ్న. రెండో దాంట్లో ఏ జీవి, దానికి ఏం చేస్తాం, ఏం కొలుస్తాం, ఎన్ని రోజులు అన్నీ ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంటుందని చిన్నబోకండి. ఎలుకను నిజంగా పట్టుకున్నామని రుజువు చూపిస్తే ఆ రిపోర్టుకు విలువ ఉంటుంది.

'స్వతంత్ర పరిశోధన' అన్న పేరు చూసి అంతా మీరే కనిపెట్టాలనుకోవద్దు. పీహెచ్‌డీ విద్యార్థి పెద్ద పనిలోంచి ఒక కొమ్మను మీకు ఇస్తారు. ఆ కొమ్మ మీద నిర్ణయాలు మీరు తీసుకుంటే అదే స్వతంత్రం. అయితే ఒకటి చూసుకోండి: మీ ప్రశ్నకు జవాబు రావడం, రాకపోవడం పక్కవాళ్ల పని పూర్తికావడం మీద ఆధారపడకూడదు. 'వాళ్లు ప్లాస్మిడ్ (జన్యువును మోసే చిన్న డీఎన్ఏ వలయం) తయారుచెయ్యగానే నేను మొదలుపెడతాను' అంటే మీ గ్రేడును పరాయి ఫ్రీజర్‌లో పెట్టినట్టే.

కొలతల సంఖ్య ముందే తేల్చుకోండి. ఒకే గొట్టంలోని ద్రావణాన్ని మూడుసార్లు కొలిస్తే మూడు నమూనాలైపోవు. మీ పరికరం ఎంత నిలకడగా ఉందో మాత్రమే అది చెబుతుంది. మూడు వేర్వేరు కాలనీల నుంచి విడివిడిగా పెంచిన మూడు కల్చర్లు కొలిస్తే అవి మూడు నమూనాలు. మొదటిదాన్ని సాంకేతిక పునరావృతి అనీ రెండోదాన్ని జీవ పునరావృతి అనీ అంటారు. డిగ్రీ రిపోర్టుల్లో నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ. గణాంక పరీక్ష ఏది వాడతారో కూడా డేటా రాకముందే రాసిపెట్టుకోండి. డేటా చూశాక పరీక్ష ఎంచుకుంటే మనకు తెలియకుండానే మనకు నచ్చిన జవాబు వైపు జారిపోతాం.

ఇక క్యాలెండర్. దీన్ని చివరి నుంచి వెనక్కి రాయండి. పదిహేనో వారం రిపోర్టు. పదమూడో వారానికి చిత్తుప్రతి సలహాదారు చేతిలో ఉండాలి. అంటే పన్నెండో వారం తర్వాత కొత్త ప్రయోగం వద్దు. మొదటి రెండు వారాలు శిక్షణకూ తాళాలకూ సంతకాలకూ పోతాయి. తర్వాతి మూడు వారాలు జవాబు ఇదివరకే తెలిసిన నమూనాలతో చెయ్యి తిప్పుకోవడానికి. మిగిలేది ఆరేడు వారాలు. వాటిలో ఒక వారం పరీక్షలకూ, ఒక వారం చెడిపోయిన యంత్రానికో ఫంగస్ పట్టిన కల్చర్‌కో పోయిందనుకోండి. మీ ప్రశ్న నిజానికి ఐదు వారాల్లో పట్టాలి. ఈ లెక్క వేశాక ప్రశ్న సగానికి కుదించని విద్యార్థిని నేను చూడలేదు.

ల్యాబ్ బెంచ్ దొరకకపోతే కంప్యూటర్ మీద చేసే ప్రాజెక్టులు ఉన్నాయి. జెన్‌బ్యాంక్‌లో జన్యుక్రమాలు, ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ప్రోటీన్ల ఆకృతులు, జీబీఐఎఫ్‌లో ఏ జీవి ఎక్కడ కనిపించిందన్న నమోదులు, అన్నీ ఉచితం. ఆర్ గానీ పైథాన్ గానీ కొంత వస్తే ఇక్కడ జీవి తొందరపెట్టదు, ఫంగస్ పట్టదు. డేటా శుభ్రం చెయ్యడానికే సగం సెమిస్టర్ పోతుందని మాత్రం ముందే గుర్తుంచుకోండి.

అనుమతులు

త్వరగా చెప్పేస్తాను కానీ తేలిగ్గా తీసుకోకండి. వెన్నెముక ఉన్న జంతువులతో పనైతే సంస్థలోని జంతు నైతిక సంఘం ఒప్పుకోవాలి. ల్యాబ్‌కు ఇదివరకే ఆ అనుమతి ఉంటే అందులో మీ పేరు చేర్పించాలి. మనుషులతో పనైతే, పది ప్రశ్నల సర్వే అయినా, మానవ పరిశోధన నైతిక సంఘం పరిశీలించాలా అని అడగాలి. పని అయ్యాక వెనక్కి వెళ్లి అనుమతి ఇవ్వరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఉపయోగం ఉండదు, ఆ డేటా వాడుకోనివ్వరు. సూక్ష్మజీవులకు జీవభద్రత స్థాయిలు 1 నుంచి 4 దాకా ఉన్నాయి. డిగ్రీ విద్యార్థులు సాధారణంగా మొదటి రెండింటిలోనే పనిచేస్తారు. ప్రయోగశాలల్లో వాడే కే-12 ఈ. కోలై మొదటి స్థాయిది. మనిషి రక్తం, కణజాలం ముట్టుకోవాల్సి వస్తే ప్రత్యేక శిక్షణ ఉంటుంది, హెపటైటిస్-బి టీకా సంగతి కూడా వస్తుంది. అడవిలో నమూనాలు సేకరించాలంటే విడిగా అనుమతి పత్రం కావాలి. వీటిలో కొన్నింటికి వారాలు, నెలలు పడుతుంది. సెమిస్టర్ మొదలయ్యాక దరఖాస్తు పెట్టే ప్రాజెక్టైతే వేరే ప్రశ్న చూసుకోవడమే నయం.

ఒప్పంద పత్రం, రిజిస్ట్రేషన్

విభాగం ఫారం అరపేజీ ఉంటుంది. మీరు ఒక పేజీ రాసి జతచెయ్యండి, ఎవరూ అడగకపోయినా. అందులో ప్రశ్న రెండు వాక్యాల్లో, పద్ధతి ఒక పేరాలో, వారానికి ఎన్ని గంటలు, ఏయే రోజులు, ప్రొఫెసర్‌ను ఎప్పుడు కలుస్తారు, చివర్లో ఏం ఇస్తారు, ఎన్ని పేజీలు, ఏ తేదీకి. ప్రయోగం ఫలించకపోతే గ్రేడు ఎలా అన్నది కూడా రాయించుకోండి. నేను విద్యార్థులతో వాడిన పంపకం ఇది: ల్యాబ్‌లో పనికి 40, నోటుబుక్కుకు 20, చివరి రిపోర్టుకు 30, ల్యాబ్ మీటింగ్‌లో మాట్లాడినందుకు 10. ఫలితం 'సరిగ్గా' వచ్చినందుకు సున్నా. ఆ సున్నా చూసి విద్యార్థుల భుజాలు తేలికపడటం నా కళ్లతో చూశాను.

సలహాదారు మీ విభాగం వారు కాకపోతే, ఉదాహరణకు వైద్య కళాశాలలోనో బయటి పరిశోధన సంస్థలోనో ఉంటే, గ్రేడు నమోదు చెయ్యడానికి మీ విభాగం నుంచి ఒకరు పూచీ ఉండాలని చాలాచోట్ల అడుగుతారు. ఆ మనిషిని వెతకడానికి సమయం పడుతుంది. సంతకాలు అయ్యాక కూడా పని అయిపోలేదు. ఇలాంటి కోర్సులకు అనుమతి కోడ్ లేకుండా రిజిస్ట్రేషన్ తెరుచుకోదు, క్రెడిట్ల సంఖ్య కూడా మీరే చేత్తో మార్చాల్సి రావచ్చు. మూడు క్రెడిట్ల పని చేసి, ఫారంలో ముందే పడి ఉన్న ఒకటి మార్చడం మరిచిపోయినవాళ్లున్నారు. కోర్సులు చేర్చుకునే గడువుకు వారం ముందే మీ రికార్డు తెరిచి చూసుకోండి. పాత సెమిస్టర్‌లో చేసిన పనికి ఇప్పుడు క్రెడిట్ ఇమ్మంటే సాధారణంగా ఒప్పుకోరు.

రోజువారీ పని

నోటుబుక్కు అదే రోజు రాయండి. తేదీ, ఎందుకు చేస్తున్నారో ఒక వాక్యం, వాడిన ద్రావణాల లాట్ నంబర్లు, ఉష్ణోగ్రత, అసలు ఏం చేశారు, ఏం కనిపించింది. ప్రోటోకాల్‌లో 30 నిమిషాలు అని ఉండి మీరు 45 నిమిషాలు వదిలేస్తే 45 అనే రాయండి. తప్పును రాసిపెట్టుకుంటే అది సమాచారం. దాచేస్తే నెల తర్వాత అది మిమ్మల్నే తికమక పెడుతుంది. పొరపాటు పడిన మాటను ఒక గీతతో కొట్టెయ్యండి, చెరపకండి. అన్నట్టు, ఆ నోటుబుక్కు మీది కాదు, ల్యాబ్‌ది. వెళ్లేటప్పుడు నకలు తీసుకోవాలంటే అడిగి తీసుకోండి.

గొట్టాల మీద 1, 2, 3 అని రాసి ఫ్రీజర్‌లో పెట్టడం ప్రతి కొత్త విద్యార్థీ చేసే పనే. నేనూ చేశాను. రెండు వారాల తర్వాత తెరిస్తే అదే పెట్టెలో 1, 2, 3 అని రాసిన ఇంకో వరుస ఉంది, అదీ నాదే. తేదీ, మీ పేరులో మొదటి అక్షరాలు, లోపల ఏముంది, ఈ మూడూ ప్రతి గొట్టం మీదా ఉండాలి. మామూలు మార్కర్ సిరా ఇథనాల్ తగిలితే కరిగిపోతుంది, ల్యాబ్‌లో ఇథనాల్ తగలని రోజు ఉండదు. మూత మీదా పక్కనా రెండు చోట్లా రాయండి. కంప్యూటర్‌లో ఫైళ్లకు పేర్లు ఏడాది, నెల, రోజు వరుసలో పెట్టండి, వాటంతట అవే క్రమంలో ఉంటాయి. సూక్ష్మదర్శిని ఫొటోల అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోకండి. వెలుతురు సరిచెయ్యాలన్నా కొలవాలన్నా ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో నకలు మీద చెయ్యండి. నియంత్రణ నమూనా (పోల్చి చూసేందుకు ఉంచే కంట్రోల్) ఫొటోను ఒకలా, అసలు నమూనా ఫొటోను ఇంకోలా సరిచేస్తే అది సవరణ అనిపించుకోదు, మోసం అనిపించుకుంటుంది.

గంటల లెక్క ఒక చిన్న పట్టికలో రాసుకోండి. ప్రతి శుక్రవారం సలహాదారుకు ఐదు వాక్యాల ఈమెయిల్ పంపండి: ఈ వారం ఏం చేశాను, ఏం వచ్చింది, ఏం రాలేదు, వచ్చే వారం ఏం చేస్తాను, మీ నుంచి ఏం కావాలి. ఇది ప్రొఫెసర్‌కన్నా మీకే ఎక్కువ ఉపయోగం. సెమిస్టర్ చివర్లో రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ పదిహేను ఈమెయిళ్లూ వరుసగా పెడితే సగం కథ అక్కడే ఉంటుంది.

ఏడో వారంలో ఒకసారి నేరుగా అడగండి: ఈ రోజు గ్రేడు వెయ్యాల్సివస్తే ఏం వేస్తారు? కొంచెం బెరుకుగానే ఉంటుంది. కానీ అసంతృప్తి ఏదైనా ఉంటే ఏడో వారంలో తెలిస్తే దిద్దుకోవచ్చు, పదిహేనో వారంలో తెలిస్తే ఏడవడమే.

ఇక ప్రయోగం పనిచెయ్యకపోతే. పీసీఆర్ చేశాక జెల్ మీద బ్యాండు (డీఎన్ఏ గీత) రాలేదనుకోండి. బ్యాండు తప్పక రావాల్సిన నమూనాలో, అంటే పాజిటివ్ కంట్రోల్‌లో కూడా రాకపోతే తప్పు మిశ్రమంలోనో యంత్రంలోనో ఉంది. కంట్రోల్‌లో వచ్చి మీ నమూనాలో రాకపోతే డీఎన్ఏ చెడిపోయి ఉండొచ్చు, లేదా మీరు వెతుకుతున్నది నిజంగానే అక్కడ లేకపోవచ్చు. ఒక్కసారికి ఒక్క విషయమే మార్చి చూడండి. మూడు ఒకేసారి మార్చి బ్యాండు తెప్పించుకున్నవాళ్లకు ఎందుకు వచ్చిందో ఎప్పటికీ తెలియదు. పదో వారం దాకా లొంగకపోతే సలహాదారు దగ్గరికి వెళ్లి ప్రశ్నను కుదించుకోండి. మరీ తప్పకపోతే 'ఇన్‌కంప్లీట్' గ్రేడు తీసుకుని తర్వాత పూర్తిచేసే వీలు చాలాచోట్ల ఉంటుంది. దానికీ గడువు ఉంటుంది, అది దాటితే కొన్నిచోట్ల దానంతట అదే ఫెయిల్‌గా మారుతుంది.

రిపోర్టు

పటాల నుంచి మొదలుపెట్టండి. మూడు నాలుగు పటాలు తయారుచేసి నేల మీద పరిచి, ఏ వరుసలో పెడితే కథ నడుస్తుందో చూడండి. ఆ వరుసే మీ ఫలితాల భాగం. పద్ధతుల భాగం నోటుబుక్కులోంచి మూడో వారం నుంచే రాస్తూ పోవచ్చు. పరిచయం ఆఖర్న రాయండి, అప్పటికి గానీ మీరు దేన్ని పరిచయం చేస్తున్నారో మీకు తెలియదు. ఫలితం రాని ప్రయోగాన్ని కూడా కంట్రోళ్లతో సహా చూపించి, ఎందుకు రాలేదని మీరనుకుంటున్నారో, దాన్ని ఎలా పరీక్షించవచ్చో రాస్తే అనుభవం ఉన్న ప్రొఫెసర్ మార్కులు తగ్గించరు. రాని ఫలితాన్ని పెద్ద మాటలతో కప్పితే మాత్రం తగ్గిస్తారు.

ఆ డేటాను బయట పోస్టరుగా పెట్టాలన్నా, మీ పేజీలో పంచుకోవాలన్నా ముందు అడగండి. అది ఇంకా ప్రచురణ కాని ల్యాబ్ పని. పత్రంలో రచయితగా పేరు రావడం గురించి కూడా సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకోవచ్చు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమం ప్రకారం పనిలో గట్టి వాటా ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో పాలుండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, దానికి జవాబుదారీగా నిలబడాలి. బయాలజీలో చాలా పత్రికలు దీన్నే అనుసరిస్తాయి. ఒక సెమిస్టర్ పనికి చివర్లో కృతజ్ఞతల్లో పేరు రావడం మామూలు. రెండు మూడు సెమిస్టర్లు ఉండి ఒక పటం మీ చేతుల్లో తయారైతే అడగడానికి మీకు హక్కు ఉంది.

దిగిపోయే ముందు

రెండో సెమిస్టర్ కూడా తీసుకుంటారా, ఆనర్స్ థీసిస్‌గా పెంచుతారా అన్నది పన్నెండో వారంలోనే సలహాదారుతో మాట్లాడండి. శిక్షణ అంతా అయిపోయిన రెండో సెమిస్టర్‌లో పని మొదటిదానికి రెట్టింపు జరుగుతుంది. సిఫార్సు లేఖ అవసరం పడుతుందనుకుంటే మీ రిపోర్టు, శుక్రవారపు ఈమెయిళ్లు కలిపి ఒక ఫోల్డరులో పెట్టి ఇవ్వండి. రెండేళ్ల తర్వాత రాయాల్సిన మనిషికి మీ ముఖం గుర్తున్నా మీ జెల్ గుర్తుండదు.

మీరు మానేస్తుంటే ఫ్రీజర్‌లో మీ పెట్టె బయటికి తియ్యండి. తొమ్మిది వరుసలు, తొమ్మిది నిలువులు, ఎనభై ఒక్క గళ్లు. ఏ గడిలో ఏముందో కాగితం మీద గీసి, పనికిరానివి పారేసి, మిగిలినవాటి పక్కన నోటుబుక్కు పేజీ నంబర్లు రాయండి. ఆ కాగితం ఒక నకలు పెట్టె మూతకు లోపలివైపు అంటించండి, ఇంకొకటి మీకు పని నేర్పిన పీహెచ్‌డీ విద్యార్థి చేతికివ్వండి. తాళంచెవి ఆఫీసులో అప్పగించి సంతకం తీసుకోండి. తాళంచెవి తిరిగి రాలేదని గ్రేడు ఆపేసిన చోట్లు కూడా ఉన్నాయి.